విప్పదగిన కుట్టు

"కోయొద్దు" అన్నాను.
కొత్త రెక్టరు ముందు అంత గట్టిగా
నోరెత్తడం నాకదే మొదలు.

వెస్ట్రీలో కిరోసిన్ పొయ్యి దగ్గుతోంది.
బయట చిత్తడి నేలల మీద బీటుదుంపల లారీలు
దారంతా బురద ఒలకబోసుకుంటూ పోతున్నాయి.
అర్ధచంద్రాకారపు సొరుగు లాగి
చెరో కొసా పట్టి ఎత్తాం కోప్‌ని,
నిద్రలో ఉన్న పెద్దావిణ్ణి పక్కమీంచి లేపినట్టు.

దానిమ్మగింజ రంగు మఖ్మల్.
వీపు మీద పట్టుదారంతో ముగ్గురు దేవదూతలు.
ఒకడికి ముఖం లేదు.
చిమ్మెటలు తిన్నాయో, రాజు మతం మార్చిన రోజుల్లో
ఎవరి కత్తెర తిన్నదో
చెప్పేవాళ్లు లేరు.

పాత రెక్టరు గార్సైడ్ ఆరడుగులు దాటిన మనిషి.
ప్రతి గుమ్మంలోనూ తల వంచేవాడు,
అది భక్తి అనుకునేవాళ్లం.
ఇరవై రెండేళ్లు మోశాడు ఈ బరువు.
ఈస్టరు వేకువన కొవ్వొత్తి మైనం ఒలికితే
గోధుమరంగు కాగితం పరిచి
ఇస్త్రీపెట్టెతో పీల్చేదాన్ని.
మరకలు పోయేవి, వాసన పోయేది కాదు:
సాంబ్రాణి, తడిసిన ఉన్ని,
ఆయన దగ్గుబిళ్లల పుదీనా.

ఇప్పుడు తమ్సిన్ ఓక్స్. నా భుజం దాకా వస్తుంది.
వేసుకుని నిలబడితే
అంచు నేల మీద మడుగు కట్టింది.
"ఇందులోంచి నేను కనబడను, ఈడిత్.
ఆరాధన ఈ బట్టే నడిపిస్తుంది" అని నవ్వింది.
నవ్వులో సగం భయం.
"జానెడు కోసెయ్యండి."

అప్పుడే అన్నాను, కోయొద్దని.

అంచు తిరగేసి అస్తరు ఊడదీశాను.
లోపల బెజ్జాలు.
సూది దూరి, తేలి, మళ్లీ దూరి
దారం ఎప్పుడో పోగా మిగిలిన చీమలబారు.
రెండు వేళ్ల ఎత్తున ఒక వరుస,
బెత్తెడున ఒకటి,
జానెడు దాటి మరొకటి.

ఎవరో పొట్టివాళ్లు.
పేర్లు గోడమీది రాతిపలకలో ఉండే ఉంటాయి,
ఎత్తులు మాత్రం ఇక్కడే రాసి ఉన్నాయి.
ఎవరో నాలాంటివాళ్లు, ఈ కిటికీ వెలుగుకే ఒరిగి,
కోయకుండా మడిచారు.

తమ్సిన్ మోకాళ్ల మీద కూర్చుని
మూడో వరుస వేలితో తడిమింది.
"నాకంటే పొట్టివాడా!"
ఆ మాట అంటున్నప్పుడు
ఆవిడ మెడ కాస్త నిక్కింది.

ఆ సాయంత్రం ప్రార్థనకు ముగ్గురం, ఓ కుక్క.
మా అమ్మ నోట, వాళ్లమ్మ నోట నలిగిన మాటలే,
పుస్తకం తెరవనక్కర్లేదు.
అయినా కొన్ని వాక్యాలు నాకింకా పొడుగే.
నేల మీద ఈడ్చుకుంటూనే చెబుతాను.

పదకొండు రాత్రులు పట్టింది.
మడత గట్టిగా వేశాను, కుట్టు వదులుగా.
చివర ముడి దాచలేదు.
రేపెవరి చేతికో అది సులువుగా దొరకాలి.

ఈస్టరు నాడు ధూపం వెనక ఆవిడ నడిచింది.
మడత బరువుకి అంచు
చప్పుడు లేని గంటలా ఊగింది.
బలిపీఠం వైపు తిరగగానే
ముఖం లేనివాడు నాకెదురయ్యాడు.
అందరూ ఆమేన్ అన్నారు.
నేను ఇంకా అంచే చూస్తున్నాను.