ఏడో అధ్యాయం, సోహార్

రేవుల డ్యూటీ దిగి
పై బంకు మీద బోర్లా పడుకొని రాస్త.
ఏడో అధ్యాయం. బావి పంపకం.
అక్కాతమ్ముల కొట్లాట, నాలుగు పేజీలు,
మాటకు మాట, వడ్డీతో సహా.

కింది బంకు రాజనర్సు చదివిండు
ఉల్లిగడ్డ కోసుకుంట, తడిచేత్తో పేజీ తిప్పుకుంట.
"ఇంతసేపు కొట్లాడిండ్రు,
ఒక్కలకన్న దూప గాలేదా?"

కోపమొచ్చింది. లైటు బంద్ చేసిన.

తెల్లారి క్రేన్ క్యాబిన్ల
నలభై మీటర్ల ఎత్తున నేను,
కింద సైగలు చేసే బలూచీ, దాద్ కరీం.
వాని భాష నాకు రాదు, నాది వానికి రాదు.
వేలు కిందికి చూపితే దించాలె.
అరచెయ్యి చాపితే ఆగాలె.
గాలి లేచింది. చాపిన చెయ్యి దించలే వాడు.
ఇరవై టన్నుల ఇనుము
తాడు కొసన ఊగి, ఊగి
నిలిచేదాక
ఓడ మీద ఎవ్వలూ దగ్గలే.
ఆఖరి జానెడు దించెతందుకు
అంత ఎత్తు దించినంత సేపు పట్టింది.

ఆ రాత్రి మూడు పేజీలు కొట్టేసిన.
అక్క బొక్కెన వేస్తది. గిలక కిర్రుమంటది.
తమ్ముడు తాడును చూస్తడు, అక్కను చూడడు.
నీళ్లు పైకొచ్చేదాక ఏం రాయలే.

అప్పుడు తమ్ముడు:
"ముందు నువ్వు తాగు."

ఇదిగూడ ఎక్కువేనేమో.
రాజనర్సు లేచినంక అడగాలె.