బుల్లై కనుమ, మూడో గేరు

కొండ ఎక్కుతుంటే ఇంజిను గొంతు పెరిగింది,
బండి వేగం మాత్రం పెరగలేదు.
ముల్లు నాలుగువేలు దాటి ఐదుకు పోతోంది,
స్పీడు అరవై దగ్గరే చతికిలబడింది,
అరుపులే తప్ప అడుగు పడని మా వార్డు మీటింగులా.
వెనక సముద్రం, ముందు పాల ట్యాంకరు.
టాపు తీసిన కారులోకి వాసన:
ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన గోనెపట్టా.

రెండే సీట్ల ఎర్ర మాజ్డా.
ఆస్పత్రిలో పన్నెండు మందిమి వేసుకున్న చీటీ
పాడి మరీ కొన్నది.
"నలుగురు పట్టే బండి కొనరాదూ" అన్నవాళ్ళకి
నలుగురెవరో చెప్పమన్నాను.

పక్కింటి బ్లాగోయా
పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు ఫిట్టరు.
నేను చెప్పేది సగమే విన్నాడు.
"హ్యాండ్‌బ్రేకు లాగు. నాలుగో గేరు వెయ్యి.
ఇప్పుడు ఎడంకాలు తియ్యి."
క్లచ్ బతికుంటే
ఇంజిను గుటుక్కుమనాలి.
అనలేదు.
ఉన్నచోటే గుర్రుమంటూ తిరుగుతోంది, ఏమీ ఎరగనట్టు.
ఆయన టోపీ తీసి బోనెట్ మీద పెట్టాడు.
ఎక్స్‌రేలు తీసే దాన్ని,
కళ్ళజోడు తీసే డాక్టర్లను చాలామందిని చూశాను.

శనివారం. నాలుగు స్టాండ్ల మీద బండి.
ఆయన మోకాళ్ళు కిందికి దూరనివ్వవు,
ఆయన వేళ్ళు ఆ సందుల్లో పట్టవు.
కాబట్టి కింద నేను, కుర్చీలో ఆయన,
మధ్యలో ఒక టార్చిలైటు.
గేర్‌బాక్సు పైన రెండు బోల్టులు కంటికి ఆనవు,
మీటరు పొడుగు రాడ్డు తగిలించి
తడుముకుంటూ తిప్పాలి.
మొదటిది గంటకు కదిలింది.
రెండోదాన్ని తెలుగులో తిట్టాను, కదిలింది.
గేర్‌బాక్సు గుండెల మీదికి దిగింది,
చంటిబిడ్డలా ఏం కాదు,
గేర్‌బాక్సులానే.

ప్లేటు చేతికొచ్చింది.
రివెట్ల దాకా అరిగి, అంచులు నల్లగా మాడి.
ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలు
నెమలికంఠం రంగులో;
చీరలో అయితే వదలను.
ఆయన ప్లేటు మీద బొటనవేలు రాశాడు,
నాడి చూసినట్టు.
"ఎడంకాలు నువ్వు ఎప్పుడూ కింద పెట్టవు."

పెట్టను.
రాజమండ్రి డ్రైవింగు స్కూలులో సూర్రాజు మాస్టారు
"కాలు తియ్యకమ్మా, ఆగిపోద్ది, పరువు పోద్ది" అనేవారు.
వెనక లారీల హారన్లు, బస్సు కిటికీల్లో మొహాలు.
అప్పటినుంచీ పెడల్ మీద కాలు అలా ఆనించే ఉంచాను,
ఇంటి పనుల్లో, ఉద్యోగంలో, ఇంకా కొన్నిట్లో.
ఆగిపోవడంకంటే
అరిగిపోవడం నయమనుకున్నాను.

"పట్టుకో, లేకపోతే వదిలెయ్యి" అన్నాడు బ్లాగోయా,
"నడిమధ్యన నిలబడితేనే కాలుతుంది."
పట్టూ విడుపూ మా దగ్గర
కవలపిల్లల్లా ఒకే మాట అని
మాసిడోనియా ముసలాయనకి ఎలా చెప్పను?

రత్కా గారు రొట్టె మీద ఎర్ర మిరప ముద్ద రాసి తెచ్చింది,
మన పండుమిరప పచ్చడికి
కారం మరిచిపోయిన చెల్లెలు.
మసి చేతులతోనే తిన్నాం.

కొత్త ప్లేటు. కొత్త బేరింగు.
ఒక బోల్టు, తర్వాత దాని ఎదురు బోల్టు,
ఒక్కో చుట్టే. తొందరపడితే వంకర.
గేర్‌బాక్సు మాత్రం లోపలికి పోనంది.
తోశాం. టీ తాగాం. తోశాం.
ఎవరికీ కోపం రాలేదని నటించాం.
చివరికి వెనక షాఫ్టును గోరంత తిప్పితే
చప్పుడు లేకుండా వెళ్ళి కూచుంది.

"ఐదొందల కిలోమీటర్లు మెత్తగా నడుపు."
మొదటి సిగ్నల్ దగ్గరే ఆపేశాను.
వెనకాయన హారన్ కొట్టాడు.
అద్దంలో చూసి చెయ్యి ఊపాను,
తాళం తిప్పాను. అంతే.
పరువు ఎక్కడికీ పోలేదు,
పక్క సీట్లోనే ఉంది, చల్లారిన రొట్టె పొట్లంతో.

మూడు వారాలకి కనుమ మళ్ళీ.
మూడో గేరు. ఇంజిను అన్న ప్రతి మాటా
టైర్లకు చేరుతోంది.
మలుపులో తడి ఆకులు, కుడివైపు నీలం,
పాల ట్యాంకరు ఈసారి అద్దంలో.

ఎడంకాలు మాత్రం పైదాకా
కింద ఖాళీగా కూచుని
ఏం పని చెప్తానా అని
నా మొహం చూస్తూ ఉంది.