అడక్కు

చీపురుపల్లి దాటితే రాజాం దాకా
నా బడి ఈ రోడ్డే.
మూడో తరగతి మజ్జిలో మానీసి
మా బావ టమాటా వేన్లో క్లీనరెక్కిన గుంటడిని,
అద్దం పక్కన కూకుని
ఒక్కో బోర్డూ కూడబలుక్కుని చదివీవోడిని.
అన్నీ రాసినోడు ఒక్కడే. కింద మూల చిన్నగా
'దండాసి ఆర్ట్స్', ఫోను నెంబరు,
ఒక అంకె తక్కువ.

దండాసికి ల, ళ ఒకటే.
కల్లు పాక ముందర 'తాజా కళ్ళు దొరుకును',
ఎదర అద్దాల షాపుకి 'కల్లు పరీక్ష ఉచితం'.
ఉచితం కదా అని వెళ్ళినోళ్ళు
రెండు చోట్లా గొడవపడ్డారట.
నాదీ అదే చదువు. ఏ కాగితంలోనైనా
'పల్లె' అని రాయాలంటే
ఈనాటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుద్ది.

మలుపులో సూరప్ప పంక్చర్ కొట్టు:
'గాలి మాటలు చెప్పం. గాలి కొడతాం.'
నిజమే, సూరప్ప రోజుకి పది మాటలాడడు,
అందులో ఆరు జాకీ గురించి.

శామియానాల షెడ్డు మీద
'పెళ్ళికైనా దినానికైనా ఇవే కుర్చీలు'.

దాని పక్క దర్జీ ఎర్రయ్య:
'కుట్రలు తెలీవు. కుట్లు తెలుసు.'
ఎన్నికలప్పుడు ఎవడో పేడముద్ద విసిరితే
మజ్జిలో రెండు మాటలూ పోయి
'కుట్రలు తెలుసు' అని మిగిలింది.
ఆ నెల్లాళ్ళూ గిరాకీ బావుందంటాడు ఎర్రయ్య,
కడగలేదు.

గోగు చేలు పోయి తెల్లరాళ్ళు మొలిచిన చోట
తాటిచెట్టంత ఎత్తున 'ప్లాట్లు అమ్మబడును'.
రెండు ఎండలకి ప కింద ల ఒత్తు పెచ్చూడి
'పాట్లు అమ్మబడును'.
దిద్దమని ఓనరు కబురెడితే
'ఉన్నమాటే ఉంది కదా బాబూ,
మళ్ళీ రంగు దండగ' అన్నాట్ట దండాసి.
పాత డబ్బులింకా బాకీలే ఓనరు.

పొగిరి దాపుల
తాటిచెట్టుకొకటి చొప్పున నాలుగు రేకులు.
బండి నడిచే లెక్కకి ఒక్కోటీ వచ్చేది:

ఆకలా?

ఆగు.

ఆకు వేస్తాం.

అడక్కు

అయిదో చెట్టుకి మేకులున్నాయి,
రేకు లేదు.

పదకొండేళ్ళు
ఏటి అడక్కూడదో తెలీకుండానే
అసిరమ్మ అట్లు తిన్నాను.
ధర అడక్కూడదేమో అనుకున్నాను కొన్నాళ్ళు,
తరవాత రెండోసారి చట్నీ.
మా బావ ఓసారి 'నీ మొగుడేడే' అని అడిగి
అట్లకాడ దెబ్బ తిన్నాడు.
అదే అయ్యుంటాదని
చాన్నాళ్ళు నమ్మేం.

నిరుడు ఆషాఢంలో ఇంజను కాగిపోయి
నీళ్ళకోసం ఆవిడ పెరట్లోకెళ్తే
కోళ్ళగూటికి తలుపు,
తుప్పులోంచి దండాసి ఎర్రరంగు:

అప్పు!

'తుఫానేడు పీకించీసేన్రా,'
పిండి రుబ్బడం ఆపకుండానే అంది.
'అరటితోటలన్నీ పడిపోనాయి, కూలి లేదు.
చదవొచ్చినోడు ఆ రేకు చూసి
రోడ్డుమీంచే ఎల్లిపోనాడు.
చదువు రానోడు కూకుని తినీసి
మళ్ళీ ఇస్తానే అప్పా అన్నాడు.
ఇదేటి నాయం?'

గూట్లోంచి ఒక పెట్ట
అప్పుని నెట్టుకుని బయటికొచ్చి
నా చెప్పు పొడిచి చూసి పోయింది.
ఆ పూట చిల్లర లేక
పద్దెనిమిది రూపాయలు ఆపీసేను.
ఆవిడ అడగలేదు.

ఇప్పుడు బండి నాది.
పక్కన కొత్త క్లీనరు, గౌరీసు,
నాలుగో చెట్టు దాటగానే
మెడ తిప్పి వెనక్కి చూస్తాడు.
'ఏటి అడక్కూడదన్నా?'

గేరు మారుస్తాను.
'ముందు బోర్డు చదువ్రా,' అంటాను.