కాళ్ళ దగ్గరి ఖాళీ

రోరోస్‌లో సెప్టెంబరుకే గడ్డి మీద నూగుమంచు.
రెండో తరగతి పిల్లలు సరస్సు పక్కన
ఒక రాత్రి పడుకోవాలట.
బడి పంపిన కాగితంలో ఆఖరి వరుస:
స్లీపింగ్ బ్యాగ్, ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

నేను పెద్దవాళ్ళ సైజు తీశాను.
ఎదిగే పిల్లాడు కదా, నాలుగేళ్ళు వస్తుందని.
వాడి చలికోటూ అలాగే కొన్నాను,
చేతులు ఇంకా రెండు మడతల్లోనే ఉన్నాయి.

కొట్టు నడిపే బోర్గిల్డ్ దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.
"వీడు పడుకునేది సగంలో.
మిగతా సగంలో చలి పడుకుంటుంది.
రాత్రంతా దాన్నీ వీడే వెచ్చబెట్టాలి,
పిడికెడంత ఒంటితో."

సిగుర్‌కి నక్కల బొమ్మలది కావాలి.
ఆమె దాన్ని లైటుకి అడ్డంపెట్టి చూపించింది:
అవతలున్న తన వేళ్ళు లెక్కపెట్టొచ్చు.
"ఇది సోఫా మీదికి," అంది.
నక్కలు అలమరలోకి వెళ్ళిపోయాయి,
వాడి కింది పెదవి వాటి వెంట కొంత దూరం వెళ్ళింది.

చివరికి ఆవపువ్వు రంగుది ఒకటి.
బూట్లు విప్పించి నేల మీదే పడుకోబెట్టింది.
జనం వాణ్ణి దాటుకుంటూ గాలాలు కొనుక్కుంటున్నారు.
తల దగ్గర తాడు బిగిస్తే
కళ్ళూ ముక్కూ, ఊడిన పంటి సందూ మిగిలాయి.
పాదాల కింద జానెడు ఎక్కువైంది. ముడేసింది.
"ఏడాదికోసారి ఈ ముడి కొంచెం కిందికి జరుపు."

అప్పుడు వాడు ఆమె చెవి కావాలని వేలితో పిలిచాడు.
నేను అల్యూమినియం గిన్నెల ధరలు చదవడం మొదలెట్టాను,
చదివినవే మళ్ళీ.
"తడిస్తే?" అన్నాడు.
వాన గురించి కాదు.
ఆమెకి అర్థమైంది. నవ్వలేదు.
"తిరగేసి ఉతికి ఆరేస్తాం. నాది ఎన్నిసార్లు ఆరిందో!
కానీ ముందు ఇది నేర్చుకో,"
అని వెళ్ళి కొట్టులో లైటు ఆర్పేసింది.

గాలాలవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే.
జిప్పు కొంత వచ్చి గుడ్డ కరిచింది.
నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది;
చీకట్లో ఎలా చూసిందో, బోర్గిల్డ్ పట్టుకుని ఆపింది.
వెనక్కి, మళ్ళీ ముందుకి, ఒక ఊపిరి, ర్ర్ర్ర్ర్
"వచ్చేశా!"
గొంతు నా నడుమంత ఎత్తులో.

ఇవాళ రాత్రి వాడు నడవాలో, చెక్కనేల మీద,
నా పక్కన వద్దన్నాడు.
రెండు దాటాక జిప్పు చప్పుడు.
అరికాళ్ళు. తలుపు. నీళ్ళు.
అరికాళ్ళు.
మళ్ళీ జిప్పు, ఈసారి పైకి.

నేను లేవలేదు.
నిన్నటిదాకా వాడు పడుకున్న వైపు
మిగిలిపోయిన దుప్పటిని మడిచి
ముడేసినట్టు ఒంటి కిందికి దోపుకున్నాను.