నీళ్ల రంగు

పశువుల ఆస్పత్రిలో గాలికుంటు టీకాల లెక్క రాసేవాణ్ణి,
నన్నెందుకు పిలిచినారో తెల్దు.
"మధ్యవర్తిగా రావాల" అన్నారు ఏసీబీ వాళ్లు.
ఎవురి పెండ్లికప్పా అని నవ్వినాడు మా అటెండరు.

ఆదోని బంగళాలో వెనక గది. తలుపులు మూసినారు.
ఐదొందల నోట్లు యాభై, నంబర్లు నాతోనే చదివించినారు.
కానిస్టేబులొకడు వాటికి పొడి పూసినాడు,
పసిబిడ్డ మెడకు పూసినంత మెత్తగా.
కంటికి ఆనని పొడి.
ముట్టిన చేతిని సోడానీళ్లలో ముంచితే
ఆ చెయ్యే నోరు తెరుస్తాదంట.

ఉరుకుందమ్మ పత్తి మార్కెట్లో దూది ఏరే మనిషి.
ఇంటిజాగా స్టే కోసం మూడేండ్లు కోర్టు మెట్లు అరగదీసిన మనిషి.
వక్కాకు తిత్తి ఇప్పి
ఒక అరలో నోట్లు, ఒక అరలో రికార్డరు పెట్టించుకుని
"ఇంగో అరలో సున్నం డబ్బీ ఉండాది సామీ, పరవాలేదా?" అనింది.
డీఎస్పీ ఉలిక్కిపడి డబ్బీ గుంజుకున్యాడు.
సున్నం తగిలితే ఆ పొడి ముందే ఎర్రబడతాదంట.
సున్నం లేని ఆకు నములుతా ఆమె ముందు,
చెల్లెలి కొడుకు మాదిరి నేను వెనక,
కోర్టు గేటు ఎదురు మిద్దె ఎక్కితిమి.

ప్లీడరు పంపాపతి మంచిగానే మాట్లాడినాడు.
ఫ్యాను ఆమె దిక్కు తిప్పినాడు.
నోట్లు లెక్కపెడతా వేలు నాలికకు తాకించుకున్యాడు గూడా.
"నాకు రూపాయి మిగల్దు తల్లీ. ఇదంతా లోపలికి పోయేది."
లోపలికంటే యాడికి, అని అడగాల ఆమె. నేర్పించినారు.
అడిగింది.
ఆయన పలకలేదు. తల రొంత తిప్పి
కిటికీ దిక్కు చూసినాడు.
కిటికీ అవతల కోర్టు.

రికార్డరుకు చెవులుండాయి. కండ్లు లేవు.
ఆ చూపు ఏ కాగితం మీదికీ ఎక్కలేదు.

తర్వాత గాజుగ్లాసులో పది వేళ్లు.
నీళ్లు గులాబి రంగుకు తిరిగినాయి.
ఇంత అందమైన రంగా లంచానిది, అనుకుంటి.
సీసాకు లక్కముద్ర ఏసినారు, చీటీ మీద నా సంతకం.

ఏడేండ్లకు కర్నూలు నుంచి సమను వచ్చింది.

ముందు రాత్రి కొండారెడ్డి బురుజు కాడ లాడ్జికి
ఒక చిన్న ప్లీడరు వచ్చినాడు, మా అల్లుని వయసు.
"గుర్తు లేదు అనండి సార్. రెండే మాటలు."
మంచం మీద కవరు పెట్టినాడు.
నేను ముట్టలేదని చెప్పను.
ముడితి. బరువు చూస్తి. పాప కాలేజీ ఫీజు మతికొచ్చింది.
మల్లా ఇచ్చేస్తి గానీ,
వాడు పోయినాక కొళాయి కింద చేతులు కడిగి
నీళ్ల దిక్కే చూస్తా నిలబడితి.

బోనులో నాకు సీసా చూపించినారు.
నీళ్లు తేటగుండాయి. తాగే నీళ్ల మాదిరి.
"ఏ రంగు?" అన్యాడు ముద్దాయి తరపు ఆయన,
నవ్వు మీసం కింద దాచిపెట్టి.
ఇప్పుడు రంగు లేదు సార్.
"ఇప్పటిదే అడుగుతున్నా."
ఆ పొద్దు గులాబి. ఏడేండ్లు మూలన పెడితే ఏ రంగు నిలుస్తాది?
"అడిగినదానికే చెప్పాల సాక్షి."

అప్పుడు వెనక బెంచీ నుంచి ముసలి గొంతు లేసింది:
"రొంత సున్నం ఏసి చూడండి సామీ,
మల్లా ఎర్రగయితాది."
తిత్తి ఇప్పి, డబ్బీ మూత తీసి,
వేలికొసన సున్నం పట్టుకుని నిలబడింది ఉరుకుందమ్మ.

సైలెన్స్, అన్యాడు బంట్రోతు.
ముద్ర ఇప్పే పద్ధతి లేదన్నారు.
ఫ్యాను గాలికి
ఆమె వేలి మీద సున్నం ఎండిపోతా ఉండాది.