కొలత

పొందూరు నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి
దాలమ్మ వచ్చింది,
నిరుడు మేమిచ్చిన కాలిపర్ని గోనెసంచిలో చుట్టుకుని.
ఎక్కడా అరగలేదు. తొడిగితే కదా.

"నడవొద్దేటమ్మా?" అన్నాను, టేపు విప్పుతూ.
"నడక మీకు కావాల బావూ.
నాకు కూకోవాల."

రాట్నం ముందు, నేలమీద,
ఒళ్ళో పత్తి, చేతిలో వాలుగ చేప దవడ,
కుడికాలు ఇలా మడిచి...
ఆసుపత్రి గచ్చుమీదే చూపించింది.
వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.

పదకొండేళ్ళుగా కాళ్ళు కొలుస్తున్నాను,
మనుషుల్ని నిలబెట్టి.
ఇవాళ
నేనూ గచ్చుమీద చతికిలబడ్డాను.

మోకాలి దగ్గర మడతకీలు వేస్తానన్నాను.
"కిర్రుమనకుండా సూడు," అంది,
"కదురు మాట నాకినిపించాల."