జీడి మరక

మూడో ఏడాది ఫలితాల జాబితాలో
నా పేరు పక్కన ఒక గీత ఉంది.
సున్నా కాదు, ఫెయిలూ కాదు, గీత.
"అక్కడ పాసైన యంత్రాలు ఇక్కడి యంత్రాలతో సరితూగవమ్మా"
అన్నాడు గుమస్తా, కళ్ళజోడు తుడుచుకుంటూ.
అందుకే ఈ జూలైలో
శ్రీకాకుళం కాలేజీ ల్యాబులో, జూనియర్ల వరసలో నిలబడి
అదే ఇండక్షన్ మోటారుకి
మళ్ళీ మూడు ఫేజులు కలుపుతున్నాను.

నా పేరు ఢిల్లేశ్వరి.
పోలండులో ఏడాది పొడుగునా "ఢిల్లీ నించా?" అనే అడిగారు.
కాదు, పలాస.
మ్యాపులో చూపించబోతే
వేలు సగం సముద్రంలో పడేది.

నేనున్న ఊరి పేరుకి వాళ్ళ భాషలో పడవ అని అర్థం.
పడవ ఉంది, నది లేదు.
మిల్లుల కాలంలో దాన్ని నేల కింద గొట్టాల్లోకి తోసేశారట.
ట్రాము దిగి నడుస్తుంటే
అరికాళ్ళ కింద ఎక్కడో పారుతుండేది,
పాతిన కేబుల్ లాగా, తన పని తను చేసుకుంటూ.

చలి గురించి చెప్పను, అందరూ అదే అడుగుతారు.
కరెంటు ఒక్కసారీ పోలేదు.
మొదటి నెలంతా అర్ధరాత్రి మెలకువ వచ్చేది,
పోనందుకు.
రెండు వందల ముప్ఫై వోల్టులు, యాభై హెర్ట్జులు,
ఇక్కడి అంకెలే అక్కడా.
అంకె మీద నిలబడటంలోనే ఉంది తేడా.

తుఫాను వచ్చిన ఏడు నాకు పదమూడేళ్ళు.
జీడితోటలు పడుకున్నాయి, స్తంభాలు పడుకున్నాయి.
ఇరవై రెండు రాత్రుల తర్వాత
మా వీధికి లైను లాగిన పాతపట్నం అన్న
నా చేతిలో తెగిన తీగముక్క పెట్టి
"దాచుకో గుంటా, కరెంటంటే ఇదే, ఇంకేటీ నేదు" అన్నాడు.
ఇంకా ఉంది, జామెట్రీ బాక్సులో.

అక్కడి వర్క్‌షాపులో జిగ్మంత్ అని ఒక పెద్దాయన.
మాట తక్కువ.
ఫిబ్రవరిలో, కాలిపోయిన మోటారుకి
నా చేత కొత్త చుట్టలు చుట్టించాడు.
స్లాటుకి డెబ్భై ఆరు చుట్లు, లెక్క తప్పితే మొదటికి.
ఆఖరున డబ్బా మూత తీసి
స్టేటర్ని వార్నిష్‌లో ముంచి, ఓవెన్లో పెట్టాడు.
తలుపు సందులోంచి వాసన వచ్చింది.

నేను కూర్చుండిపోయాను.

అది మా అమ్మ చేతుల వాసన.
కాశీబుగ్గ షెడ్డులో పీట మీద కూర్చుని
కేజీల లెక్కన జీడిపిక్కలు కొట్టే చేతులు.
పిక్క పగిలితే చిమ్మే నూనె చర్మాన్ని తినేస్తుంది.
బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా
వేళ్ళ కొసలు నలుపే.
రేషను డిపోలో వేలిముద్ర మిషను
మా అమ్మని మా అమ్మ కాదంటుంది,
కొంగుకి తుడుచుకుని మూడోసారి పెట్టేదాకా.

డబ్బా మీది చిన్న అక్షరాలు చదివాను:
జీడిపిక్క తొక్క నూనె రెజిన్.
ఏ ఊరిదో రాయలేదు.
"ఇదెందుకు పూస్తారు?" అన్నాడు జిగ్మంత్.
తీగకీ తీగకీ మధ్య ఒకటి కాపలా ఉండాలి,
కరెంటు దాటకుండా, వేడికి లొంగకుండా.
జవాబు వచ్చు. నోరు రాలేదు.
ఆయన రేడియో తగ్గించి, టీ పోశాడు.

ఇంటికొచ్చి చెప్పాను,
"మీ నూనె మోటార్లలో ఉంటాదమ్మా."
దమయంతత్త నవ్వింది,
"అయితే మోటారుకీ సేతులు మండుతాయేటే?"
అమ్మ నవ్వలేదు.
"కేజీకెంతిస్తారట అక్కడ?" అంది.
నాకు తెలీదు. ఏ సెమిస్టరులోనూ లేదది.

ఇప్పుడు స్విచ్ వేస్తాను.
మోటారు మూలిగి, తేరుకుని, తిరుగుతుంది.
జూనియరు గుంటడు రీడింగు అడుగుతాడు, చెబుతాను.
వేడెక్కేకొద్దీ లోపల్నించి పల్చగా అదే వాసన.
రికార్డు పుస్తకంలో దానికి గడి లేదు.
పక్కన ఖాళీలో పెన్సిలుతో రాసుకున్నాను:
కేజీకెంత?